లోపలి కుట్టు మానేదాకా: గర్భసంచి ఆపరేషన్, నా అనుభవం

ఆపరేషన్ అయిన పదో రోజున పొట్ట చూసుకుంటే నాలుగు చిన్న గాట్లు, వాటి మీద ఎండిన పక్కులు, అంతే. చూసినవాళ్లు "మానిపోయిందిగా" అంటారు. మనకీ అలాగే అనిపిస్తుంది. కానీ అసలు గాయం అక్కడ లేదు. గర్భసంచిని ముఖద్వారంతో సహా తీసినప్పుడు యోని పైకొన తెరుచుకుంటుంది. దాన్ని అడ్డంగా కుట్టి మూసేస్తారు. ఆ కుట్టు కంటికి కనిపించదు, చేతికి తగలదు, చాలామందికి పెద్దగా నొప్పి కూడా పెట్టదు. బరువులు ఎత్తొద్దు, విరేచనానికి ముక్కొద్దు, ఇన్ని వారాలు కలయిక వద్దు అని డాక్టర్లు చెప్పే మాటల్లో చాలావరకు ఆ ఒక్క కుట్టు కోసమే. అది ఎక్కడుందో, ఎందుకుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలు విడివిడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అందుకే ముందుగా దాని గురించి చెప్పాను.

నాకు చేసింది లాపరోస్కోపీ పద్ధతిలో, అంటే చిన్న గాట్లలోంచి కెమెరా, పరికరాలు పంపి. గర్భసంచి, ముఖద్వారం, అండాన్ని సంచిలోకి తెచ్చే రెండు ట్యూబులు తీశారు, అండాశయాలు రెండూ ఉంచారు. కారణం అడినోమయోసిస్. అంటే సంచి లోపలి పొర దాని కండరంలోకి చొచ్చుకుపోతుంది. సంచి ఉబ్బుతుంది, నెలసరి నొప్పి భరించలేనంతగా ఉంటుంది, గడ్డలు గడ్డలుగా రక్తం పోతుంది. పొట్ట కోసి చేసినవాళ్లకూ, కోత లేకుండా కింది నుంచి చేసినవాళ్లకూ కోలుకోవడంలో తేడాలుంటాయి. అవి వచ్చినచోట చెబుతాను.

మనలో చాలామంది "నాకు ఆపరేషన్ అయింది" అని మాత్రమే అంటారు. పిల్లలు పుట్టకుండా చేసేదీ ఆపరేషనే, గర్భసంచి తీసేదీ ఆపరేషనే. రెండూ ఒకటి కావు. పిల్లల ఆపరేషన్‌లో ట్యూబులను కట్టి కత్తిరిస్తారు, లేదంటే వాటికి రింగో క్లిప్పో వేస్తారు. సంచి అలాగే ఉంటుంది, నెలసరి అలాగే వస్తుంది, హార్మోన్లు మారవు. చాలామంది వారం పది రోజుల్లో మామూలు పనుల్లోకి వచ్చేస్తారు. అయితే అది నూటికి నూరుపాళ్లు ఖాయం కాదు. సుమారు 200 మందిలో ఒకరికి తర్వాత ఎప్పుడైనా గర్భం రావచ్చు. అలా వచ్చినప్పుడు అది ట్యూబులోనే నిలిచే ప్రమాదం ఎక్కువ. అందుకని ఆ ఆపరేషన్ అయినవాళ్లకు నెలసరి తప్పి, పొత్తికడుపులో ఒకపక్క నొప్పి వస్తే "నాకెందుకు వస్తుందిలే" అనుకోకుండా అదే రోజు పరీక్ష చేయించుకోవాలి. తన స్నేహితురాలు పిల్లల ఆపరేషన్ తర్వాత పదిరోజులకే తిరిగిందని గర్భసంచి తీయించుకున్న మనిషి కూడా అలాగే తిరిగితే, పైన చెప్పిన కుట్టు దెబ్బతినొచ్చు.

ఒప్పుకునే ముందు ఒక మాట. క్యాన్సర్ కాకపోతే ఈ ఆపరేషన్‌కి తొందర ఉండదు. రక్తస్రావం ఎక్కువైనవాళ్లకు ముందు మందులు ఉన్నాయి. ట్రానెక్సమిక్ యాసిడ్‌ను మామూలుగా ఒక గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు, బాగా పోయే నాలుగైదు రోజులు మాత్రమే ఇస్తారు. రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లు అది వాడకూడదు. తర్వాతి మెట్టు హార్మోన్ లూప్. అందులో 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ ఉంటుంది, రోజూ కొద్దికొద్దిగా సంచి లోపలికే విడుదలవుతుంది. దీంతో వచ్చే చిక్కేమిటంటే మొదటి మూడు నుంచి ఆరు నెలలు మరకలు మరకలుగా కనిపిస్తూనే ఉంటుంది. అది చూసి పనిచేయలేదనుకుని రెండో నెలలోనే తీయించుకునేవాళ్లు చాలామంది. ఫైబ్రాయిడ్ గడ్డలే (సంచి కండరంలో పెరిగే, క్యాన్సర్ కాని గడ్డలు) సమస్యైతే గడ్డలు మాత్రం తీయవచ్చు, లేదా వాటికి రక్తం అందించే నాళాన్ని మూసేయవచ్చు. లోపలి పొరను వేడితో కాల్చే పద్ధతి కూడా ఉంది, కానీ అడినోమయోసిస్ లోతుగా ఉంటే దానివల్ల ఉపశమనం నిలవకపోవచ్చు. ఇవన్నీ ప్రయత్నించాకో, మనకు సరిపడవని తెలిశాకో ఆపరేషన్‌కి వెళ్తే మనసు కూడా గట్టిగా ఉంటుంది. ఒక్క తెల్లబట్ట కోసమో, "ఉంచుకుంటే ఎప్పటికైనా క్యాన్సర్ వస్తుంది" అన్న భయంతోనో సంచి తీయించుకోవడం మాత్రం తప్పు. ఆ మాట చెప్పి తొందరపెడితే ఇంకో డాక్టరును కలవాల్సిందే.

45 దాటినవాళ్లకు రక్తస్రావం అసాధారణంగా ఉంటే, ఆపరేషన్‌కి ముందే సంచి లోపలి పొర ముక్క తీసి బయాప్సీకి పంపాలి. ముఖద్వారానికి పాప్ పరీక్ష (అక్కడి కణాలు తీసి చూసేది) కూడా అయి ఉండాలి. ఇది లాంఛనం కాదు. లోపల క్యాన్సర్ ఉంటే చేసే ఆపరేషనే వేరు, కొన్నిసార్లు చేయాల్సిన సర్జనూ వేరు. పెద్ద గడ్డలను లోపలే యంత్రంతో ముక్కలు చేసి బయటికి లాగే పద్ధతి మీద 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీచేసింది. మామూలు ఫైబ్రాయిడ్ అనుకున్న గడ్డలో క్యాన్సర్ దాగి ఉంటే, ఆ ముక్కలతోపాటు అది పొట్టంతా చిమ్ముతుంది. గడ్డ పెద్దదైతే "ఎలా బయటికి తీస్తారు?" అని ముందే అడగండి.

నేను కాగితం మీద రాసుకెళ్లిన ప్రశ్నలు నాలుగు: ముఖద్వారం తీస్తారా, ట్యూబులు తీస్తారా, అండాశయాలు తీస్తారా, ఏ దారిన చేస్తారు. ముఖద్వారం ఉంచితే కొందరికి నెలనెలా కాస్త మరక కనిపిస్తూనే ఉంటుంది, పాప్ పరీక్షలు మానకూడదు. ట్యూబులు తీసేయడం మంచిదని ఇప్పుడు ఎక్కువమంది చెబుతున్నారు. అండాశయ క్యాన్సర్లలో అతి ప్రమాదకరమైన రకం చాలాసార్లు ట్యూబు కొసలోనే మొదలవుతుందని తెలిసింది, పైగా సంచి పోయాక ట్యూబులకు పనేమీ ఉండదు. అండాశయాల సంగతి పూర్తిగా వేరు. నెలసరి ఇంకా ఆగని వయసులో, అవి ఆరోగ్యంగా ఉంటే, వంశంలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు లేకపోతే వాటిని ఉంచడమే మేలు. ఎముకల బలం, గుండె ఆరోగ్యం వాటి మీద ఆధారపడి ఉన్నాయి. ఒప్పుకోలు పత్రంలో ఏయే అవయవం తీస్తారో పేరుపేరునా రాసి ఉండాలి. "అవసరమైతే అండాశయాలు కూడా" అని ఉంటే ఆ "అవసరం" ఏమిటో విడమరిచి చెప్పించుకున్నాకే సంతకం పెట్టాలి.

ముందస్తు సన్నాహంలో అన్నిటికన్నా పెద్దది రక్తం. నెలలతరబడి రక్తం పోగొట్టుకున్న ఒంట్లో హిమోగ్లోబిన్ ఏడో ఎనిమిదో ఉంటుంది. నాది 7.9. అత్యవసరం కాని ఆపరేషన్‌కి కనీసం పదికి పైన ఉండాలని చూస్తారు. ఐరన్ మాత్రలతో పెరగడానికి నెలలు పడుతుంది. ఖాళీ కడుపుతో వేసుకోవాలి, టీ, కాఫీ, కాల్షియం మాత్ర, గ్యాస్ మాత్ర పక్కన ఉంటే ఐరన్ సరిగా ఒంటబట్టదు. రోజు విడిచి రోజు వేసుకుంటే కొందరికి కడుపులో తిప్పడం తగ్గుతుంది, ఐరన్ కూడా బాగానే పడుతుంది. సెలైన్‌లో ఎక్కించే ఐరన్ అయితే రెండు మూడు వారాల్లో తేడా కనిపిస్తుంది. నాకు ఆ దారినే పదిన్నరకు వచ్చింది. రక్తం తక్కువగా ఉండగానే చేయించుకున్నవాళ్లకు బాటిళ్లు ఎక్కించాల్సి రావడం, నెలల తరబడి నీరసం వదలకపోవడం జరుగుతుంది. షుగర్ అదుపులో లేకపోతే పుండు మానదు, చీము పడుతుంది. రక్తం పలచబడే మాత్రలు, షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు దేన్ని ఎప్పుడు ఆపాలో, దేన్ని ఆ రోజు పొద్దున గుక్కెడు నీళ్లతో వేసుకోవాలో మత్తు డాక్టరు చేత రాయించుకోవాలి. ఒకదానికున్న నియమం ఇంకోదానికి ఉండదు.

ఆపరేషన్‌కి ఆరు గంటల ముందు తిండి ఆపాలి, నీళ్లు రెండు గంటల ముందు దాకా తాగవచ్చు. ఆసుపత్రివాళ్లు ఇంకో సమయం చెబితే అదే పాటించాలి. మత్తులో వాంతై ఊపిరితిత్తుల్లోకి పోకూడదనే ఈ జాగ్రత్త. ఇంట్లో రేజరుతో వెంట్రుకలు గీసుకోకండి. కంటికి కనపడనంత చిన్న గాట్లు పడి అక్కడే ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. అవసరమైతే వాళ్లే మెషీన్‌తో కత్తిరిస్తారు. గోళ్ల రంగు తుడిచేయాలి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగా చూపించదు. తీసుకెళ్లాల్సినవాటిలో ఎవరూ చెప్పనిది, కానీ అన్నిటికన్నా పనికొచ్చింది, నడుం దాకా వచ్చే వదులు లోదుస్తులు. మామూలువాటి ఎలాస్టిక్ సరిగ్గా గాట్ల మీదే ఒరుసుకుంటుంది.

లాపరోస్కోపీకి పూర్తి మత్తే ఇస్తారు, గొంతులో గొట్టం వేస్తారు. తర్వాత ఒకటి రెండు రోజులు గొంతు గీరుకుపోయినట్టు ఉండేది అందుకే. కోతకు గంటలోపు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ పడుతుంది. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి గుమ్మటంలా ఉబ్బిస్తారు. బొడ్డు దగ్గర కెమెరా గాటు, పక్కల అర సెంటీమీటరు గాట్లు రెండో మూడో. కోసిన సంచిని యోని దారినే బయటికి తీసి, ఆ దారి పైకొసను కుట్టేస్తారు. ఈ పద్ధతిలో మొదటిసారి హ్యారీ రీచ్ అనే అమెరికన్ సర్జన్ 1988లో చేశాడు. పొట్ట కోసే పద్ధతిలో బికినీ గీత దగ్గర పది నుంచి పదిహేను సెంటీమీటర్ల అడ్డకోత ఉంటుంది, అది చాలాసార్లు వెన్నులో మత్తుతోనే అవుతుంది. వెన్ను మత్తు తర్వాత లేచి కూర్చుంటే తల పగిలిపోతూ, పడుకోగానే తగ్గిపోతుంటే అది మామూలు తలనొప్పి కాదు. సూది పడినచోట నీరు కారడం వల్ల వచ్చేది, దానికి వైద్యం ఉంది, నర్సుకు చెప్పాలి.

మెలకువ రాగానే మూడు విషయాలు కంగారు పెడతాయి. వణుకు, మూత్రం ఆగనట్టు అనిపించడం, కుడి భుజంలో నొప్పి. వణుకు చల్లటి గది, మత్తు వల్ల. మూత్రం ఆగనట్టుండేది మూత్రం పోవడానికి వేసిన పైపు వల్ల, మూత్రసంచి ఖాళీగానే ఉంటుంది. భుజం నొప్పి మాత్రం తెలియనివాళ్లను గుండెపోటేమోనని భయపెడుతుంది. పొట్టలో మిగిలిన గ్యాస్ ఊపిరి కండరాన్ని రేపితే, ఆ నరం నొప్పిని భుజంలో చూపిస్తుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో ఆ గ్యాస్ రక్తంలోకి ఇంకి ఊపిరితో పోతుంది. కాస్త కాస్త నడవడం, దిండు ఎత్తు తగ్గించి పడుకోవడం, భుజానికి వెచ్చగా పెట్టడం పనిచేశాయి. నొప్పి మందులు గడియారం చూసి వేసుకోవాలి, నొప్పి ముదిరాక కాదు. పారాసిటమాల్ ఆరు గంటలకొకసారి గ్రాము చొప్పున, రోజుకు నాలుగు గ్రాములు దాటకూడదు. బరువు 50 కిలోల లోపు ఉన్నవాళ్లకు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లకు ఇంకా తగ్గించి ఇస్తారు.

మర్నాడు పొద్దున పైపు తీసేస్తారు. ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు గంటల్లో మూత్రం రావాలి, ఎంత వచ్చిందో కొలిపించాలి. కొంచెం కొంచెం వస్తూ పొత్తికడుపు బిగిసిపోతుంటే మూత్రసంచి ఖాళీ కావడం లేదని అర్థం. కూర్చుని పోసి, లేచి నిలబడి, మళ్లీ కూర్చుని ముందుకు వంగితే మిగిలింది వస్తుంది. అప్పటికీ రాకపోతే మళ్లీ పైపు వేయించుకోవాలి. నిండి సాగిపోయిన మూత్రసంచి కోలుకోవడానికి చాలా రోజులు పడుతుంది, కాబట్టి ఇందులో మొహమాటం పనికిరాదు.

మంచం దిగడం ఒక విద్య. వెల్లకిలా ఉన్న మనిషి తిన్నగా లేవబోతే పొట్ట కండరాలన్నీ ఒక్కసారి బిగుసుకుంటాయి. మోకాళ్లు రెండూ ముడిచి, భుజాలూ తుంటీ ఒకేసారి కదిలేలా పక్కకు దొర్లాలి. కాళ్లు మంచం అంచు దాటించి కిందికి వదులుతూ, అదే ఊపులో పై చేత్తో పరుపును నెట్టి లేవాలి. ఒక నిమిషం కూర్చున్నాకే నిలబడాలి, లేకపోతే కళ్లు తిరుగుతాయి. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు చిన్న దిండు పొట్టకు అదుముకోవాలి. దగ్గు ఆపుకోకూడదు, కఫం లోపల నిలిస్తే న్యుమోనియా. మెలకువగా ఉన్న ప్రతి గంటకూ పది దీర్ఘశ్వాసలు, పాదాలు పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించడం. పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా చేసే పని అది. నడక ఆ సాయంత్రమే మొదలైతే ఇంకా మంచిది.

తర్వాతి గండం విరేచనం. పేగులు మత్తు దిగి మేలుకున్నాయనడానికి మొదటి గుర్తు గ్యాస్ పోవడం. విరేచనం రెండు నుంచి నాలుగు రోజులకు అవుతుంది. బలమైన నొప్పి మందులు పేగులను మందగింపజేస్తాయి, అందుకే మెత్తబరిచే సిరప్ మొదటి రోజు నుంచే తాగాలి, గట్టిపడ్డాక కాదు. కమోడ్ మీద కూర్చున్నప్పుడు పాదాల కింద చిన్న స్టూలు వేసుకుంటే మోకాళ్లు తుంటికన్నా ఎత్తులో ఉంటాయి, ముక్కాల్సిన అవసరం తగ్గుతుంది. నోరు తెరిచి ఊపిరి వదులుతూ వదిలేయాలి. బిగబట్టి ముక్కితే ఆ ఒత్తిడంతా నేరుగా లోపలి కుట్టు మీద పడుతుంది.

ఇంటికి వచ్చాక గుర్తుంచుకోవాల్సిన కొలమానం ఒక్కటే: నొప్పి రోజురోజుకీ తగ్గాలి. లాపరోస్కోపీ అయినవాళ్లకు మూడో రోజో నాలుగో రోజో నొప్పి పెరిగి, పొట్ట ఉబ్బి, వాంతులు, జ్వరం వస్తే గ్యాస్ అనుకుని ఇంట్లో ఉండిపోకూడదు. పేగుకు చిన్న దెబ్బ తగిలినా, పరికరం వేడికి కాలినా వెంటనే తెలియదు, రోజుల తర్వాత చిల్లుపడి బయటపడుతుంది. అలాగే మొదటి రెండు వారాల్లో ఎప్పుడైనా యోని నుంచి నీళ్లలా ధారగా, ఆగకుండా, మనకు తెలియకుండానే కారుతుంటే అది తెల్లబట్ట కాదు, మూత్రం అయ్యుండొచ్చు. మూత్రనాళం ముఖద్వారానికి సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలోనే, గర్భసంచి రక్తనాళం కిందనుంచి పోతుంది, అక్కడే దెబ్బ తగులుతుంది. నడుం పక్కన ఒకవైపు నొప్పి, జ్వరం దానికి తోడు కావచ్చు. రంగు మందు వేసి పరీక్షిస్తే తేలిపోతుంది. ఎంత త్వరగా తేలితే అంత తేలిగ్గా బాగుచేస్తారు. ఒక్క పిక్కే వాచి, నొక్కితే నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆ క్షణమే ఆసుపత్రికి.

ప్యాడ్ మీద కనిపించేదాని గురించి ఎవరూ వివరంగా చెప్పరు. మొదటి వారం పలచటి ఎరుపు, తర్వాత గోధుమరంగు, ఆపైన పసుపు నీరు. నాలుగు నుంచి ఆరు వారాల దాకా ఏదో ఒకటి కనిపిస్తుంది. రెండో వారంలో, పదో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య, ఒకరోజు మళ్లీ ఎర్రగా కనపడి గుండె గుభేలుమంటుంది. లోపలి కుట్ల పక్కులు ఊడే సమయం అది. చెంచాడు రెండు చెంచాలు వచ్చి ఆగిపోతే కంగారు లేదు. కరిగే దారం పోగులు కూడా ప్యాడ్ మీద పడతాయి. గంటకో ప్యాడ్ తడిసినా, గడ్డలు పడినా, దుర్వాసన వచ్చినా, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటినా ఫోన్ చేసి కూర్చోకుండా బయల్దేరాలి. ప్యాడ్ బయట పెట్టేదే వాడాలి, లోపల పెట్టేది ఏదీ వద్దు, లోపల నీళ్లతో కడగడం అసలే వద్దు.

పై గాట్లకు పెద్ద సేవ అక్కర్లేదు. ఒకటి రెండు రోజుల తర్వాత స్నానం చేసి, మెత్తటి బట్టతో అద్ది ఆరనిస్తే చాలు. పౌడరు, పసరు, నూనె ఏదీ రాయకూడదు. తొట్టి స్నానం, ఈత ఆరు వారాలు దాటాకే. పొట్ట కోసి చేసినవాళ్లకు కోత రెండు చివర్లలో మంట, మధ్యలో మొద్దుబారడం ఉంటాయి. చర్మపు సన్న నరాలు తెగుతాయి కదా. నెలలు పోయాక కొంత స్పర్శ వస్తుంది, కొందరికి చిన్న భాగం మొద్దుగానే ఉండిపోతుంది.

అసలు పరీక్ష మూడు, నాలుగు వారాల్లో. నొప్పి పోతుంది, ఒంట్లో ఓపిక వచ్చినట్టు ఉంటుంది. నేను పొరపాటు చేసింది ఆ వారంలోనే. తడిబట్టల బకెట్ ఎత్తాను, సాయంత్రానికి ప్యాడ్ మీద మళ్లీ తాజా ఎరుపు, రెండు రోజులు కింద బరువుగా లాగినట్టు. పది లీటర్ల నీళ్ల బకెట్ అంటే పది కిలోలు. మొదటి రెండు వారాలు రెండు కిలోలు, ఆరు వారాల దాకా నాలుగైదు కిలోలు దాటకూడదని నాకు చెప్పారు. బరువుకన్నా ఎత్తే తీరు కూడా ముఖ్యమే. వంగి ఊపిరి బిగబడితే పొట్టలో ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఊపిరి వదులుతూ, మోకాళ్లు వంచి, వస్తువు ఒంటికి ఆనించుకుని ఎత్తాలి. ఇంటిపని చేసే ప్రతి మనిషికీ ఆపరేషన్‌కి ముందే చెప్పాల్సింది ఇది: నడుం ఎత్తులో అన్నీ సర్దిపెట్టుకోండి, చంటిపిల్లను ఎత్తుకోవడానికి బదులు కూర్చుని ఒళ్లోకి ఎక్కించుకోండి, నేల తుడవడం ఇంకొకరి వంతు. "కనిపించే గాయమేమీ లేదుగా" అని ఇంట్లోవాళ్లు అనుకుంటే, మొదటి పేరాలో చెప్పిన కుట్టును బొమ్మ గీసి చూపించండి. చాలాచోట్ల గొడవ అక్కడితో ఆగిపోతుంది.

నడక మాత్రం బరువుల్లా కాదు, ఎంత చేస్తే అంత మేలు. మొదటి వారం ఐదేసి నిమిషాలు రోజుకు నాలుగైదుసార్లు, నాలుగో వారానికి అరగంట. నడిచిన మర్నాడు కింద బరువు, మరక పెరిగితే సగానికి తగ్గించి మళ్లీ పెంచాలి. కుర్చీ ఉద్యోగానికి లాపరోస్కోపీ తర్వాత రెండు నుంచి నాలుగు వారాలు, పొట్ట కోతకు ఆరు నుంచి ఎనిమిది. నిలబడి చేసే పనైతే ఇంకా ఎక్కువ. బండి నడపడానికి గుర్తు: నొప్పి లేకుండా, తటపటాయించకుండా ఒక్కసారిగా బ్రేకు తొక్కగలగాలి, మగత తెప్పించే మాత్రలు ఆపేసి ఉండాలి.

కటి కండరాల వ్యాయామాన్ని ఆర్నాల్డ్ కెగెల్ అనే డాక్టరు 1948లో ప్రచారంలోకి తెచ్చాడు. పైపు తీసి, మూత్రం మామూలుగా వస్తుంటే కొద్ది రోజుల్లో మొదలుపెట్టవచ్చు. గ్యాస్ ఆపుకుంటున్నట్టు, మూత్రం ఆపుకుంటున్నట్టు రెండు దారులూ కలిపి పైకి లాగాలి. పొట్ట, తొడలు, పిరుదులు బిగుసుకోకూడదు, ఊపిరి ఆడుతూనే ఉండాలి. మొదట మూడు సెకన్లు పట్టి, అంతే సేపు వదలాలి, వారాల మీద పది సెకన్లకు పెంచాలి. పదేసి చొప్పున రోజుకు మూడుసార్లు. నిజంగా మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయకూడదు, మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాదు.

కలయిక గురించి సిగ్గు పడకుండా అడగాలి, ఎందుకంటే ఇక్కడ తొందరపడితే జరిగే నష్టం పెద్దది. తక్కువలో తక్కువ ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొందరు డాక్టర్లు పన్నెండు అంటారు. వారాలు లెక్కపెట్టుకుంటే సరిపోదు, డాక్టరు కుట్టు చూసి మానిందని చెప్పాలి. పై గాట్లు చిన్నవైనా, లోపలి కుట్టు విడిపోవడం లాపరోస్కోపీ తర్వాతే కాస్త ఎక్కువ. అరుదే, కానీ విడిపోతే ఉన్నట్టుండి నొప్పి, రక్తం లేదా నీళ్లు, ఒక్కోసారి పేగు కిందికి జారడం జరుగుతాయి. పేగు బయటికి వస్తే లోపలికి తోయకుండా తడిపిన శుభ్రమైన బట్ట కప్పి, పడుకోబెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అనుమతి వచ్చాక మొదట్లో పొడిగా ఉంటే నీళ్లు ఆధారంగా ఉన్న లూబ్రికెంట్ వాడాలి, లోతు మన అదుపులో ఉండేలా చూసుకోవాలి. భర్తకు కూడా భయం ఉంటుంది, దాన్ని అయిష్టం అనుకోవద్దు.

"సంచి తీసిన ఖాళీ ఏమవుతుంది?" అని అందరూ అడుగుతారు. పేగులు జరిగి ఆ చోటు నింపేస్తాయి. అండాశయాలు ఉంచితే నెలనెలా రొమ్ములు బరువెక్కడం, చిరాకు అలాగే వస్తుంటాయి, రక్తం మాత్రం కనపడదు. అందువల్ల మెనోపాజ్, అంటే నెలసరి పూర్తిగా ఆగే దశ, ఎప్పుడొచ్చిందో తెలియదు. సంచి తీసినవాళ్లకు అది కొంత ముందుగా రావచ్చు, కాబట్టి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలైన తేదీ రాసిపెట్టుకోవాలి. అండాశయాలు తీసేస్తే ఈ లక్షణాలు రోజుల్లోనే విరుచుకుపడతాయి. 45 లోపు తీసేసినవాళ్లకు, వద్దనే కారణమేదీ లేకపోతే, సహజంగా నెలసరి ఆగే వయసు దాకా, అంటే సుమారు 51 దాకా, ఈస్ట్రోజెన్ ఇస్తారు. సంచి లేదు కాబట్టి మామూలుగా దానికి తోడు ప్రొజెస్టిరాన్ అవసరం ఉండదు. ముఖద్వారం ఉంచినా, ఎండోమెట్రియోసిస్ (సంచి లోపలి పొరలాంటిది సంచి బయట పెరిగే జబ్బు) ఎక్కువగా ఉన్నా దాని గురించి ఆలోచిస్తారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు ఈ మందు మామూలుగా ఇవ్వరు.

కారణం లేకుండా ఏడుపు రావడం, "ఇన్నాళ్లకు పీడ వదిలింది" అన్న తేలిక, రెండూ ఒకే రోజున ఉంటాయి. పిల్లలు చాలనుకున్నవాళ్లకు కూడా ఏదో పోయిందన్న వెలితి ఒకటుంటుంది. అది బలహీనత కాదు. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఆసక్తి పోతే మాత్రం అది వైద్యం కావాల్సిన దిగులు.

తీసిన సంచిని పరీక్షకు పంపుతారు. ఆ బయాప్సీ రిపోర్టు వారం రెండు వారాల తర్వాత వస్తుంది, ఇంటికి వచ్చాక దాని ఊసే మరచిపోయేవాళ్లు ఎక్కువ. అడిగి తెచ్చుకోండి. దాంతోపాటు ఏమేం తీశారో, ఏమేం ఉంచారో రాసిన ఆపరేషన్ నోట్సు కాపీ కూడా. పదేళ్ల తర్వాత ఇంకో నొప్పికి స్కానింగ్ తీస్తే, అండాశయం ఉందో లేదో చెప్పేది ఆ కాగితమే. ముఖద్వారంలో ముందస్తు మార్పులు ఉండి తీయించుకున్నవాళ్లు యోని పైకొన నుంచి తర్వాత కూడా పాప్ పరీక్ష చేయించుకోవాల్సి ఉంటుంది.

ఆరు నుంచి ఎనిమిది వారాలకు డాక్టరు దగ్గర చివరి పరీక్ష. పొట్ట మీద చూసి పంపించేస్తే ఒప్పుకోకండి, లోపల పరికరం పెట్టి కుట్టు చూడమని అడగండి. అంతా మానినా ఒక మూల ఎర్రటి కండ చిన్న బుడిపెలా పెరిగి ఉండొచ్చు, మరక ఇంకా ఆగకపోవడానికి మామూలు కారణం అదే. నాకు ఎడమ మూలన ఉంది. సిల్వర్ నైట్రేట్ పూసిన పుల్లతో తాకించారు, చురుక్కుమంది, అంతే. రెండు మూడు రోజులు బూడిదరంగు నీరు వస్తుంది, దానికి పలచటి ప్యాడ్ చాలు. ఇంకో రెండు వారాలు ఆగి మళ్లీ చూపించుకోమన్నారు.